ఒకే తాను గుడ్డ

జూన్ 3

అత్తా,

నేను చేరిపోయాను. బస్సులో కుట్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే పక్క సీటు పెద్దాయన "ఎన్నో నెలమ్మా?" అని అడిగాడు. పెళ్ళే కాలేదని చెబితే ఇంకో కథ, లివర్ ముక్క ఇచ్చొచ్చానని చెబితే ఇంకా పెద్ద కథ. నవ్వి ఊరుకున్నాను. దిగేటప్పుడు నా సంచి ఆయనే దింపిపెట్టాడు. నీకివ్వడం వల్ల నాకు దక్కిన మొదటి మర్యాద ఇది.

మనం అనుకున్నట్టే ఉత్తరాలు రాసుకుందాం. ఫోన్‌లో నా గొంతు వినగానే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను ఏడుస్తాను. "ఇద్దరూ ముక్కులు చీదడం వినడానికా ఈ ఫోను?" అని మామయ్య విసుక్కోవడంలో తప్పేమీ లేదు. నేను రెండో తరగతిలో నేర్చుకున్న అక్షరాలన్నీ ఏ రోజువి ఆ రోజే నీ కుట్టు మిషను పక్కన కూర్చుని, గుడ్డ మీద సుద్దతో రాసి నీకు నేర్పాను. మన ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే అంటారు గానీ, నువ్వు పెట్టిన పేరుకి తగ్గట్టు, సూది వెనకాల దారంలా నా వెనకాలే నువ్వూ వచ్చావు.

మళ్ళీ నీళ్ళ పరీక్షల పనిలో చేరాను. నీళ్ళ సీసాల పెట్టెలు ఎత్తొద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించాను. మా ల్యాబ్ పెద్దావిడ చదివి, "ఎవరికిచ్చావు, అమ్మకా?" అంది. "అత్తకి" అన్నాను. "అత్తకా!" అని ఇంతింత కళ్ళు చేసింది. అత్తగారనుకుందని నాకు ఆలస్యంగా వెలిగింది. మేనత్త అనీ, అమ్మ పోయాక నన్ను పెంచింది తనే అనీ చెప్పేసరికి మెత్తబడింది. ఇప్పుడు నన్ను కూర్చుని చేసే పనికి మార్చింది. ఊళ్ళో కుళాయిల నుంచి వచ్చిన నీళ్ళలో మందు చుక్కలు వేసి రంగు చూడటం నా పని.

ఇక అసలు సంగతి. మాత్రలు పొద్దున, సాయంత్రం ఒకే వేళకి వేసుకోవాలి. ఎందుకో నీకు నచ్చేలా ఎవరూ చెప్పలేదన్నావు, నేను చెబుతాను. మన ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయి. తమది కానిది లోపలికొస్తే మీద పడి తరిమేస్తాయి. జబ్బు క్రిముల్ని తరిమినట్టే కొత్త లివర్‌ని కూడా పరాయిదనుకుని తరమాలని చూస్తాయి. నీ మందు వాటిని జోకొట్టి పడుకోబెడుతుంది. కాపలా నిద్రపోతోంది కాబట్టే నీకు మాస్కు, ఉడికించిన తిండి, గుడ్డల దుమ్ముకి దూరంగా ఉండటం.

నీ పాత లివర్‌ని గడ్డతో సహా మొత్తం తీసేశారు. క్యాన్సర్ మళ్ళీ ఎక్కడా తలెత్తకుండా స్కానింగులు చేస్తూ ఉంటారు. వాటికి భయపడి ఎగ్గొట్టకు.

నీ సూది

*

జూన్ 14

సూదీ,

నీ ఉత్తరం మీ మామయ్య ముందు చదువుతానంటే లాక్కున్నాను. నాకొచ్చిన ఉత్తరం నేనే చదువుకోవాలి. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను.

ఈ అక్షరాలు ఇలా తిరుగుతున్నాయేమిటని అనుకోకు. ఆ మాత్రలు వేసుకున్నప్పటి నుంచి నా చేతులు తాగుబోతువాడి చేతుల్లా ఉన్నాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు చీరకే. నిన్న మిషను ముందు కూర్చున్నాను. తిట్టకు, మాస్కు పెట్టుకునే కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించబోతే దారం ఒక పక్క, సూది ఒక పక్క. కళ్ళు మూసుకుని ఎక్కించేదాన్ని, నీకు గుర్తుందిగా? ఎంతసేపు పెనుగులాడినా ఎక్కలేదు. మిషను మీద దుప్పటి కప్పి లేచొచ్చేశాను. మీ మామయ్యకి చెప్పలేదు.

ఆయన సంగతి చెప్పాలి. పొద్దున మాత్రల వేళకి గుమ్మంలో నిలబడి, కండక్టరు కదా, బస్సులో అరిచినట్టే "మాత్రల స్టాపు! ఎక్కేవాళ్ళు ఎక్కండి!" అని అరుస్తాడు. మింగేదాకా ఈల వెయ్యడు, కదలడు. ఎదురింటావిడ పగలబడి నవ్వుతోంది. సాయంత్రం ఆయనకి డ్యూటీ కాబట్టి ఆ పూట నేనే వేసుకుంటున్నాను.

మీ నాన్న లారీ ఆపుకుని చూసిపోయాడు. గుమ్మంలోనే నిలబడి, "నా లివర్ పనికిరాదన్నారక్కా, కొవ్వట" అని మళ్ళీ ఏడ్చాడు. "నీ లివర్ కన్నా నీ లారీ టైర్లు నయంరా, పోనీ, కూతుర్నిచ్చావు చాలు" అన్నాను.

ఒక మాట అడుగుతాను, నవ్వకు. వాలి కూర్చుంటే అది నొక్కుకుపోదు కదా? గట్టిగా దగ్గితే? నీ సొత్తు నా దగ్గర దాచిపెట్టుకుని తిరుగుతున్నట్టుంది. ఎవరో ఇచ్చిన పెళ్ళి జాకెట్టు గుడ్డ కత్తెర ముందు పరుచుకున్నప్పుడు చెయ్యి వెనక్కి లాగుతుందే, అట్లా ఉంది పొద్దస్తమానం.

ఇంకొకటి. నువ్వు రాసిన ఉత్తరమంతా బాగుంది గానీ ఆ పరాయిది అన్న మాట నాకు నచ్చలేదు. నీకు పాలు పట్టింది ఈ చేతులు. నీకు జ్వరమొస్తే నిన్ను మోసింది ఈ ఒళ్ళు. ఈ ఒళ్ళు నిన్ను పరాయిదంటుందా? అంటే దానికి సిగ్గుండొద్దూ?

అత్త

*

జూన్ 25

అత్తా,

నీ అక్షరాలు చూసి దిగులేసింది, నువ్వు రాసింది చదివి నవ్వొచ్చింది. చేతులు వణకడం ఆ మందుతో చాలామందికి ఉంటుందట. ఈసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సిస్టరమ్మకి చెప్పు. నువ్వు అక్కడికి వెళితే "బాగున్నానండీ, బాగున్నానండీ" తప్ప ఇంకో మాట అనవు. నాకు తెలుసు.

వాలి కూర్చో, దగ్గు, పడి పడి నవ్వు. అది ఎక్కడికీ పోదు. నాకు మొన్న స్కానింగ్ చేశారు. తీసినంత మేరా దాదాపు మళ్ళీ పెరిగిపోయిందట. నీ దాంట్లోనూ అంతే, అక్కడ అది పెరిగి తన చోటు తను నింపుకుంటుంది. ఇచ్చినదాన్ని నాకు తిరిగి ఇవ్వాలన్న ఆలోచనే వద్దు, నాకు ఇప్పటికే వచ్చేసింది.

ఆ మాట నీకు గుచ్చుకుందని నాకు తోచలేదు. అది నా మాట కాదు, పుస్తకాల మాట. నీకు నేను పరాయిదాన్ని ఎలా అవుతాను? నువ్వూ నాన్నా ఒక కడుపున పుట్టారు, నేను నాన్న కూతుర్ని. మనది ఒకటే రక్తం. నీలో ఉన్నది నీదే, నువ్వు పెట్టింది తిని పెరిగిందే. దాన్ని చూసి భయపడకు, ధైర్యంగా ఉండు.

ఇక్కడ నా పని బాగానే ఉంది. మొన్న ఒక వీధి కుళాయి నీళ్ళకి రంగు తేలలేదు, అంటే అందులో క్లోరిన్ లేదన్నమాట. వెళ్ళి చూస్తే గొట్టం పగిలింది. బాగు చేశాక ఆ వీధిలో ఒక ముసలమ్మ నన్ను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఆ కుళాయి నీళ్ళే గ్లాసుతో ఇచ్చి, "ఇప్పుడు తాగి చూపించు" అంది. తాగి చూపించాను. నీలాంటిదే ఆవిడ.

నీ సూది

*

జూలై 20

సూదీ,

నా అక్షరాలు చూశావా? గీత గీసినట్టు లేవూ?

నీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు గుండె కుదుటపడింది. మనది ఒకటే రక్తం, నీలో ఉన్నది నీదే అని రాశావు చూడు, ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాను. చదువుకున్నదానివి, ఊరికే రాయవు కదా. చేతులు కుదిరాయి. పోయిన వారం సూదిలో దారం ఎక్కించాను. కళ్ళు మూసుకుని కాదులే, తెరిచే. ఎక్కగానే వీధిలోకి పరిగెత్తి ఎవరికైనా చెప్పాలనిపించింది.

ఎదురింటావిడ మనవరాలికి గౌను కుట్టాను. ముందు కచ్చా కుట్టు వేసి చూశాను, తరవాత మిషను మీద. అంచు ఎక్కడా వంకర పోలేదు. ఆ పిల్ల వేసుకుని గిర్రున తిరిగింది. గౌను గొడుగులా లేచింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన రోజు ఇక మిషను చప్పుడు వినననే అనుకున్నాను, సూదీ. నువ్విచ్చిన ప్రాణంతో కుట్టిన మొదటి గౌను అది.

ఒక బడి వాళ్ళు పిల్లల యూనిఫారాలు ఇస్తామంటున్నారు. ఒప్పుకోనా? మీ మామయ్య వద్దంటున్నాడు. ఆయన్ని నువ్వే ఒప్పించు.

అత్త

*

జూలై 30

అత్తా,

నీ ఉత్తరం మా ల్యాబ్‌లో అందరికీ చూపించాను. మొదటి ఉత్తరం పక్కన పెట్టి చూపించాను. మా పెద్దావిడ "ఒక మనిషే రాసిందా?" అంది. నాకు ఎంత గర్వమనిపించిందో!

డాక్టరు మందు మార్చి ఉంటారు, లేదా ఒళ్ళే అలవాటు పడి ఉంటుంది. ఏదైనా సరే, ఇప్పుడు చేస్తున్నట్టే చెయ్యి, ఏమీ మార్చకు. యూనిఫారాలు కొన్ని మాత్రమే ఒప్పుకో. గుడ్డలు కత్తిరించే పని ఇంకెవరి చేతనైనా చేయించు, దుమ్ము వద్దు. మామయ్యకి నా మాటగా చెప్పు.

నేను వచ్చే వారం నుంచి చుట్టుపక్కల చెరువుల నీళ్ళు తేవడానికి తిరగాలి. రాయడం ఆలస్యమైతే కంగారు పడకు.

నీ సూది

*

ఆగస్టు 9

సూదీ,

ఏమీ మార్చకు అని నువ్వే రాశావు కాబట్టి ఇక ధైర్యంగా చెప్పేస్తున్నాను. డాక్టరేమీ మందు మార్చలేదు. నేనే సాయంత్రం మాత్ర మానేశాను.

అదిరిపడకు, తెలివి తక్కువగా చేయలేదు. నా పనిలో నాకు తెలిసిన సంగతి చెబుతాను. చిరిగిన చొక్కాకి వేరే గుడ్డతో అతుకేస్తే, ఉతికినప్పుడు ఇది ఒక వైపు ముడుచుకుంటుంది, అది ఒక వైపు లాగుతుంది, చివరికి కుట్టు దగ్గరే చిరుగుతుంది. అందుకని ఆ ముక్కని ముందు నానబెట్టి, ఆరబెట్టి, దాని పొగరు అణిచి అప్పుడు వేస్తాం. అదే తానులోంచి కోసిన ముక్కయితే ఆ బాధే లేదు. రెండూ కలిసి ముడుచుకుంటాయి, కలిసి వెలిసిపోతాయి. ఆ మాత్రలు పరాయి అతుకు వేయించుకున్న వాళ్ళకి. నీదీ నాదీ ఒకే తాను. నువ్వే రాశావుగా, ఒకటే రక్తమని. అయినా డాక్టరు మీద గౌరవంతో పొద్దున మాత్ర వేసుకుంటూనే ఉన్నాను, మీ మామయ్య ఈల వెయ్యాలి కదా. సాయంత్రానివి పారెయ్యడానికి మనసొప్పక గుండీల డబ్బాలో వేస్తున్నాను.

నా ఒంట్లో నిన్ను పరాయిదానిలా చూసుకోవడం నా వల్ల కాదే. ఆ మాత్ర మింగిన ప్రతిసారీ నిన్ను గుమ్మం బయట నిలబెట్టినట్టుండేది.

రక్త పరీక్ష పోయిన వారమే చేయించాల్సింది. యూనిఫారాల పని ఉండి వెళ్ళలేదు. ఈ మధ్య కొంచెం నీరసం, కళ్ళు కాస్త పచ్చగా ఉన్నాయంటోంది ఎదురింటావిడ. ఆవిడ కళ్ళకి అన్నీ పచ్చగానే ఉంటాయిలే.

అత్త

*

ఆగస్టు 26

అత్తా,

నేను తిరుగుడు నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం నా బల్ల మీద ఉంది. నిలబడే చదివాను. ఆ తరవాత జరిగింది నీకు తెలుసు. మామయ్యకి ఫోన్ చేసి గుండీల డబ్బా తియ్యమన్నాను. ఆయన డబ్బా తీసి మంచం మీద కుమ్మరించాడు. తరవాత "గుండీల కన్నా ఇవే ఎక్కువున్నాయే" అన్నాడు. ఆయన గొంతు అట్లా ఎప్పుడూ వినలేదు.

ఆయన నిన్ను చేర్పించిన ఆస్పత్రికి నేను వచ్చాను, నిన్ను చూశాను, అరిచాను. "నేను కోయించుకున్నది గుండీల డబ్బాలో వేసుకోవడానికా?" అన్నాను. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. సిస్టరమ్మ నన్ను బయటికి పంపింది. సెలవు లేక ఆ పూటే బస్సెక్కాను. దారంతా ఆ మాటే.

అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. నేనిచ్చింది పాడైపోతుందని నాకు కోపం రాలేదు అత్తా. అది పోతే నువ్వు పోతావు. నాది మళ్ళీ పెరిగినా రెండోసారి కొయ్యరు, ఇంకో ముక్క ఇవ్వడానికి నా దగ్గర లేదు, నాన్న దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. నాకు వేసిన భయమే కోపంలా బయటికొచ్చింది.

నువ్వు పరాయి అన్న మాట పట్టుకుని బాధపడ్డావు. నేను నిన్ను ఊరడించాలనుకుని సగం నిజమే రాశాను. రక్తం ఒకటే అయినా ఒళ్ళు ఒప్పుకోదు. తోబుట్టువుది ఇచ్చినా ఒప్పుకోదు, మందు వెయ్యాల్సిందే. ఒంటికి ప్రేమ తెలియదు అత్తా. తెలిసింది మనకి, అందుకే మాత్ర మనమే వెయ్యాలి.

ఇంజెక్షన్లు పనిచేస్తున్నాయని మామయ్య చెప్పాడు. కామెర్లు తగ్గుతున్నాయట. నాతో మాట్లాడకపోయినా సరే, మందులు వేసుకో.

నీ సూది

*

సెప్టెంబరు 12

సూదీ,

గోడ వైపు తిరిగింది నీ మీద కోపంతో కాదే. నా మొహం నీకు చూపించలేక. పచ్చగా, ఉబ్బిపోయి, ఉతికి పిండిన గుడ్డలా ఉన్నాను. నీ సొత్తు పాడుచేశానని నువ్వు అసహ్యించుకుంటున్నావనుకున్నాను. నీ ఉత్తరం వచ్చేదాకా అదే అనుకున్నాను. మీ మామయ్య చదివి వినిపించాడు, నాకు కళ్ళు ఆనక. భయమే కోపంలా బయటికొచ్చిందని రాశావే, అక్కడికొచ్చేసరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఆ మాట మళ్ళీ చదివాడు.

నిన్ననే ఇంటికొచ్చాను. రక్తం బాగుందట. సమయానికి పట్టుకున్నారట, ఇంకొన్నాళ్ళయితే చేయగలిగింది ఉండేది కాదన్నారు. నీ ఫోన్ ఒక్కటే నన్ను బతికించింది. ఇప్పటికి రెండుసార్లు బతికించావు. ఇక చాల్లే, అలవాటైపోతుంది.

ఆ సిస్టరమ్మ నోరు నీకు తెలుసుగా. తాను గుడ్డ సంగతి ఆవిడకీ చెప్పాను. నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది. "ఇంత తెలివి ఎవరు నేర్పారమ్మా? గుడ్డకి ప్రాణముందా, ఎదురు తిరగడానికి?" అంది. తరవాత మంచం మీద కూర్చుంది. అట్లా ఎవరి దగ్గరా కూర్చోదు ఆవిడ.

"నీకు పిల్లలున్నారా?" అంది.

లేరన్నాను.

"అయినా చెబుతా విను. కడుపులో బిడ్డ పడుతుందే, అది తల్లి సొంత బిడ్డ కదా? ఒంటికి మాత్రం అది పూర్తిగా తనది కాదు. సగం తండ్రిది. అందుకని తల్లి ఒళ్ళు అన్ని నెలలూ తన కాపలాని అణుచుకుని, బిడ్డ జోలికి పోకుండా చూసుకుంటుంది. అట్లా తనని తాను తగ్గించుకోబట్టే బిడ్డ నిలుస్తుంది. నీ మాత్ర కూడా అంతే. ఆ పిల్లని గుమ్మం బయట నిలబెట్టడం కాదమ్మా. లోపల ఉండనివ్వడం."

సాయంత్రం మాత్ర తెచ్చి ఇస్తే, చెయ్యి వణికింది గానీ, రెండు చేతులా పట్టుకుని వేసుకున్నాను.

డాక్టరు ఇప్పుడు నిజంగానే మందు మార్చాడు. పొద్దున ఒక్కసారే వేసుకునే రకం. వణుకు సగం తగ్గింది. పూర్తిగా పోకపోవచ్చట, పోకపోతే పోయింది. యూనిఫారాలు వెనక్కిచ్చేశాను. మీ మామయ్య కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని, డ్యూటీకి వెళ్ళేముందు సూదులన్నిటికీ దారాలు ఎక్కించి సూదుల దిండుకి గుచ్చిపోతున్నాడు. టిక్కెట్లు చింపిన చేతులు కదా, తిట్టుకుంటూ ఎక్కిస్తాడు. నేను చూడనట్టు ఉంటాను.

అత్త

*

సెప్టెంబరు 23

అత్తా,

నీ ఉత్తరం చదివాక మా ల్యాబ్ గది బయట మెట్ల మీద కూర్చుండిపోయాను. మా పెద్దావిడ వచ్చి "ఏమైంది, చెడు కబురా?" అంది. "కాదండీ, మా అత్త మాత్ర వేసుకుంది" అన్నాను. ఆవిడకి అర్థమై ఉండదు. అయినా పక్కన కూర్చుంది.

సిస్టరమ్మ చెప్పినట్టు నేను చెప్పలేకపోయాను. నేను చదివిన పుస్తకాల్లో ఆ సంగతి ఉంది. నీతో అనడానికి నాకు నోరు రాలేదు, నీకు పిల్లలు లేరన్న మాట తగులుతుందని. నీకేది తగులుతుందో అని దాస్తూ దాస్తూ పోతే ఎక్కడికొచ్చామో చూశావుగా. ఇక మీదట తగిలినా చెబుతాను, నువ్వు కూడా చెప్పు.

మామయ్యకి నా దండాలు. ఆయన ఎక్కించిన సూదితో కుట్టింది ఏదైనా ఒకటి నాకు పంపు. వంకరగా ఉన్నా వేసుకుంటాను.

నీ సూది

*

డిసెంబరు 5

సూదీ,

స్కానింగ్ అయింది. ఏమీ లేదట. లివర్‌లో లేదు, ఊపిరితిత్తుల్లో లేదు, ఎముకల్లో లేదు. డాక్టరు "ఏమీ లేదమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళు బతికాను గానీ ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని తెలియదు. ఇంకోసారి చెప్పండన్నాను. పాపం చెప్పాడు. మీ నాన్నకి ఫోన్ చేస్తే లారీ హారన్ కొట్టాడు, ఆపకుండా. ఆ రోడ్డు మీద జనం ఏమనుకున్నారో.

రిపోర్టు కోసం బయట కూర్చున్నప్పుడు ఒకావిడ పరిచయమైంది. వచ్చే వారం వాళ్ళాయనకి ఇదే ఆపరేషన్. వాళ్ళబ్బాయి ఇస్తున్నాడట. చేతులు నలుపుకుంటూ కూర్చుంది. భయపడకండి, చూడండి నేను ఎట్లా ఉన్నానో అన్నాను. మందులు మాత్రం మానకండి, మీ కొడుకుదే అయినా సరే మానకండి అని గట్టిగా చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం, ఇల్లెక్కడ, ఏం పని చేస్తారు అని. తరవాత అందరూ అడిగేదే అడిగింది.

"మీకెంతమంది పిల్లలండీ?"

"ఒక్కతే" అన్నాను. "నీళ్ళ పరీక్షల ఉద్యోగం, వేరే ఊళ్ళో ఉంటుంది."

మీ మామయ్య పక్కనే ఉన్నాడు, విన్నాడు. నా వైపు చూడలేదు. గడియారం చూసి, నీళ్ళ సీసా మూత తీసి, మాత్ర అరచేతిలో పెట్టుకుని నా ముందు చాపాడు. ఆ రోజు స్టాపు పేరు అరవలేదు.

అత్త